మోగానని చెప్పిన అలారం

మా అక్క దృష్టిలో నేను కంప్యూటర్ చదువుకున్నదాన్ని. అంటే మిక్సీ ఆగిపోయినా, టీవీలో బొమ్మ వణికినా, బావ ఫోన్‌లో అక్షరాలు చిన్నవైపోయినా కబురు నాకే వస్తుంది. ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో నా చదువుకు తగ్గ పని ఒక్కటీ తగల్లేదు. అందుకే హేచరీలో కంప్యూటర్ మాడిపోయిందని అక్క ఏడుపు గొంతుతో ఫోన్ చేసినప్పుడు, సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు సంతోషమేసింది.

హేచరీ అంటే గుడ్లు పొదిగించే చోటు. కింద షెడ్డు, పైన ఇల్లు. షెడ్డులో బీరువాల కన్నా పెద్ద ఇంక్యుబేటర్లు వరసగా నిలబడి ఉంటాయి. కోడిపెట్ట చేసే పనే అవీ చేస్తాయి. గుడ్లను వెచ్చగా ఉంచుతాయి, అటూ ఇటూ తిప్పుతాయి. కోడిపెట్టకున్న బుద్ధి వాటికి లేదు కాబట్టి వాటిమీద ఒక కంప్యూటర్ కాపలా. వేడి హద్దు దాటితే ఆ కంప్యూటర్ తనలోని అలారం కార్డుకి ‘మోగు’ అని చెబుతుంది. కార్డు గోడమీది హారన్‌ని మోగిస్తుంది. ఆ మోతకి పైన ఇంట్లో గిన్నెలు కూడా వణికేవి. అక్క చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసి మెట్లు దిగేది. హారన్ మోగలేదంటే అంతా క్షేమం. ఆ ఇంట్లో తిండి, నిద్ర, పోట్లాట అన్నీ ఆ నమ్మకం మీదే నడిచేవి.

ఈసారి సంగతి చిన్నది కాదు. పెద్ద కోళ్ళ ఫారం నడిపే ఆవిడ ఒకరు మొదటిసారి అక్కకి ఆర్డరిచ్చింది. ఈ విడత పిల్లలు బాగుంటే ఏడాది పొడుగునా అక్క దగ్గరే తీసుకుంటానంది. బాగోకపోతే అక్క షెడ్డుకి తాళం వేసి, బావ వాళ్ళ అన్నగారి దాణా కొట్టులో లెక్కలు రాయడానికి వెళ్ళాలి. ఆ అన్నగారు ఎంతో దయతో ఇప్పటికే ఒక కుర్చీ తుడిపించి ఉంచాడు. ఆ కుర్చీ పేరెత్తితే అక్కకి ఒళ్ళు మండుతుంది.

చచ్చిపోయిన కంప్యూటర్ లాంటిది ఇంకెక్కడా దొరకదు. దాని ప్రోగ్రాం రాసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. ఆ ప్రోగ్రాంకి పాత కంప్యూటర్ తప్ప మరేదీ గిట్టదు. అలాంటప్పుడు పనికొచ్చేది ఎమ్యులేటర్. అంటే కొత్త కంప్యూటర్ చేత పాత కంప్యూటర్ వేషం వేయించే ప్రోగ్రాం. ప్రపంచంలో ఎక్కడెక్కడి వాళ్ళో కలిసి రాసిపెట్టిన ఎమ్యులేటర్ ఒకటి ఊరికే దొరుకుతుంది. దాన్ని నా ల్యాప్‌టాప్‌లో వేసి, షెడ్డు పక్క గదిలో కూర్చోబెట్టాను. వేడి కొలిచే తీగలు దానికి అతికాయి. వేడి అంకెలు తెరమీద సరిగ్గా పడ్డాయి. ఒక్కటే పేచీ. ప్రోగ్రాం లేస్తూనే ‘అలారం కార్డూ, ఉన్నావా?’ అని అడుగుతుంది. కార్డూ, దానికి తగిలించిన హారనూ పాత కంప్యూటర్‌తో పాటే మాడిపోయాయి. ఎమ్యులేటర్‌కి ఆ కార్డు ముక్కూ మొహమూ తెలియదు. జవాబు రాకపోయేసరికి ప్రోగ్రాం అలిగి పడుకునేది.

ఈ అలకకి మా వృత్తిలో ఒక మందుంది. స్టబ్ ఫంక్షన్ అంటారు. ఫంక్షన్ అంటే ప్రోగ్రాంలో ఒక పని చేసే ముక్క. స్టబ్ అంటే ఆ పని చేయని ముక్క. పిలిస్తే పలుకుతుంది, చెబితే చేశానంటుంది, లోపల చూస్తే ఖాళీ. ఇలాంటివాటిని ఆఫీసుల్లో మీరూ చూసే ఉంటారు. కొన్నిటికి కారూ డ్రైవరూ కూడా ఇస్తారు.

కూర్చుని అలారం కార్డు పేరుమీద గుప్పెడు స్టబ్బులు రాశాను. ఉన్నావా? ఉన్నాను. బాగున్నావా? బాగున్నాను. మోగు. మోగాను. ఆగు. ఆగాను. నిజంగానే మోగావా? అయ్యో, మోగాను కదా. ప్రోగ్రాం అలక మానేసి లేచి కూర్చుంది. బావ నా వీపు తట్టాడు.

నాకు మరీ బుద్ధి లేకపోలేదు. ప్రతి స్టబ్బులోనూ ఒక వరస కోడ్ అదనంగా పెట్టాను. ప్రోగ్రాం దాన్ని ముట్టుకున్నప్పుడల్లా తెరమీద ఎర్రక్షరాల్లో ‘నేను ఉత్తుత్తి కార్డుని, నేను మోగలేను’ అని వస్తుంది, ల్యాప్‌టాప్ కుయ్యిమంటుంది. ఆ కుయ్యి ఇంట్లోకి వినబడేలా బావ తన పాత స్పీకరొకటి మెట్లమీద పెట్టాడు.

“గంటకోసారి ప్రోగ్రాం కార్డుని పరీక్ష చేస్తుందక్కా, అప్పుడొక కుయ్యి వస్తుంది. దాన్ని పట్టించుకోకు,” అన్నాను. “ఆగకుండా కుయ్యి కుయ్యిమంటే మాత్రం పరిగెత్తు. అసలు హారన్ సంగతి వచ్చేవారం చూస్తా.”

“వచ్చేవారమేనా?”

“వచ్చేవారమే అన్నానుగా.”

ఆ వచ్చేవారం నేను హారన్ సంగతి చూడలేదు. అంతకన్నా ఘనమైన పని తగిలింది. నేను రాసిన స్టబ్బుల్ని ఎమ్యులేటర్ ప్రాజెక్టుకి పంపాను. వాళ్ళు ఒప్పుకుంటే నా కోడ్ అందులో శాశ్వతంగా ఉండిపోతుంది. కొత్త వెర్షన్ విడుదలైనప్పుడు సాయం చేసినవాళ్ళ జాబితాలో నా పేరు పడుతుంది. రోజూ ఆఫీసులో నేను రాసే కోడ్‌ని మా మేనేజరు తప్ప ఎవరూ చూడరు. ఆయనా చూడడు, చూశానంటాడు.

ఓపెన్ సోర్స్ అంటే తలుపులు బార్లా తెరిచిన ఇల్లని పేరు. ఎవరైనా రావచ్చు, ఎవరైనా చేయి వేయవచ్చు. గుమ్మంలో మాత్రం ఒక పెద్దాయన కూర్చుని ఉంటాడు. ఆయన వయసు నాకు తెలియదు, మొహం చూడలేదు. ఈమెయిళ్ళ తీరు చూసి నేనే పెద్దాయన అని పేరు పెట్టుకున్నాను. పంపిన ప్రతి మార్పునూ ఆయన చదివి ఊ అనాలి. ఆయన ఊ అనడం నేను ఒక పట్టాన చూడలేదు.

మొదట, ఒక వరస మరీ పొడుగైంది, విరవండి అన్నాడు. విరిచాను. విరిచినచోట ఖాళీ ఎక్కువైందన్నాడు. తగ్గించాను. ఫైలు పెట్టాల్సింది అక్కడ కాదు, ఏమీ చేయని ఫంక్షన్లకు విడిగా ఒక ఫోల్డరుంది, అందులో పెట్టండి అన్నాడు. వెళ్ళి చూద్దును కదా, నిజంగానే ఉంది. ఒకదాని పక్కన ఒకటి ఎన్నెన్ని స్టబ్బులో, ఒక్కదానికీ పనీపాటా లేదు. నావాటిని కూడా వాటి సరసన కూర్చోబెట్టాను. తరవాత కోడ్ పక్కన రాసిన వివరణలో ఒక కామా దగ్గర మాకు వారం పట్టింది. నా తల ప్రాణం తోకకొచ్చింది. అయినా వదల్లేదు, ఎందుకంటే ఈపాటికి అది పరువు సమస్య.

ఆఖరుకి పెద్దాయన అసలు సంగతికొచ్చాడు. ‘స్టబ్ అన్నది మౌనంగా ఉండాలి. మీ సందేశం గంటగంటకీ వస్తోంది. ఒకటే గోల. ఆ వరసలు తీసేయండి.’

అవి తీసేస్తే మోగలేదన్న సంగతి ఎవరికీ తెలియదండీ అని జవాబు రాశాను.

‘ఈ కార్డుని ఇప్పుడు వాడేవాళ్ళెవరూ లేరు,’ అని రాశాడాయన.

మా అక్క ఉందని రాయబోయి ఆగాను. అంతటి ప్రాజెక్టులో, అంతమంది మేధావుల మధ్య, మా అక్క కోడిగుడ్ల ప్రసక్తి ఏం శోభిస్తుంది? ఎర్రక్షరాలు తీసేశాను. కుయ్యి తీసేశాను. ఇప్పుడు నా స్టబ్బులు నోరు మెదపకుండా, ఎంతో మర్యాదగా, మోగాను మోగాను అని అబద్ధం చెబుతున్నాయి. ‘శుభ్రంగా ఉంది,’ అని పెద్దాయన ఊ అన్నాడు. ఆ రెండు మాటలు నేను ఎన్నిసార్లు చదువుకున్నానో చెప్పను.

నాకు బెంగ లేదు. షెడ్డులో నడుస్తున్నది నా సొంత కాపీ. అది కుయ్యిమంటూనే ఉంది.

కొత్త వెర్షన్ విడుదలైన రోజున జాబితాలో నా పేరు చూసుకున్నాను. పొడవాటి జాబితాలో బాగా అడుగున, ఎవరి కంటా పడని చోట ఉంది. దాని చుట్టూ ఎర్ర గీత గీసి, ఫోటో తీసి, బావకి పంపాను. అక్కకి పంపితే ‘హారనేదీ?’ అంటుంది. బావ అయితే మెచ్చుకుంటాడు.

బావ మెచ్చుకుని ఊరుకునే మనిషి కాదు. మర్నాడు ఆదివారం, భోజనానికి రమ్మన్నాడు. నేను వెళ్ళేసరికి బల్లమీద కేకుంది. దానిమీద ‘అభినందనలు’ అని రాయించాడు. అక్క కూడా మామూలుకన్నా కులాసాగా ఉంది. ఫారమావిడ ఆర్డరు గుడ్లు ఆఖరి రోజుల్లో పడ్డాయి. పెంకు పగిలే ముందు పిల్ల లోపల్నుంచే కీచుమంటుంది. ముందురోజు సాయంత్రం అక్క ఒక గుడ్డుని ఫోన్‌కి ఆనించి ఆ చప్పుడు నాకు వినిపించింది. “విన్నావా? లోపల్నుంచే అరుస్తోంది గడుగ్గాయి,” అని మురిసిపోయింది.

కేకు కోశాం. బావ నా పేరున్న ఫోటోని ఫోన్‌లో పెద్దది చేసి అక్కకి చూపించాడు. అక్క కళ్ళద్దాలు పెట్టుకుని చూసి, “ఇంత అడుగున పెట్టారేంటే?” అంది.

“అడుగునుంటే ఏమైంది, ఉందా లేదా?” అన్నాడు బావ. నా వైపు తిరిగి గొంతు తగ్గించాడు. “మరదలా, ఇంకో సర్‌ప్రైజు. నీ పేరున్న అసలు కాపీ పొద్దున్నే దింపి ల్యాప్‌టాప్‌లో పెట్టేశా. నువ్వు చేత్తో రాసిచ్చిన దానికన్నా అంతమంది పెద్దవాళ్ళు చూసి పాస్ చేసింది మేలు కదా? ఎంత బాగుందనుకున్నావు! ఆ దిక్కుమాలిన కుయ్యి కుయ్యి లేదు. పొద్దుట్నుంచీ ఇల్లంతా హాయిగా ఉంది.”

 నేను బావ మొహం చూశాను. అక్క నా మొహం చూసింది. ఏమైందని కూడా అడక్కుండా లేచి మెట్లవైపు పరిగెత్తింది.

షెడ్డు తలుపు తీయగానే మొహానికి వేడి కొట్టింది. ఫారమావిడ గుడ్లున్న ఇంక్యుబేటర్‌లో ఫ్యాను బెల్టు తెగిపోయి కింద వేలాడుతోంది. ఫ్యాను ఆగింది, హీటరు ఆగలేదు. అక్క ప్లగ్గు పీకి, తలుపులు రెండూ బార్లా తెరిచి, కాలుతున్న ట్రేని చీర కొంగుతో పట్టుకుని బయటికి లాగింది. ఒక గుడ్డు తీసి చెవి దగ్గర పెట్టుకుంది. పక్కన పెట్టి ఇంకోటి తీసింది. తరవాత ఇంకోటి. బావ, నేను అలాగే నిలబడి ఉన్నాం. అక్క అడుగు ట్రే దాకా వెళ్ళింది. ప్రతి ట్రేలోనూ కొన్ని తీసి చెవికి ఆనించుకుంది. ఎక్కడా కీచు లేదు.

పక్క గదిలో నా ల్యాప్‌టాప్ వెలుగుతోంది. ప్రోగ్రాం తన బాధ్యత తాను తు.చ. తప్పకుండా నెరవేర్చింది. వేడి హద్దు దాటిందని చెప్పింది, అలారం మోగించమంది. తెరమీద పద్ధతిగా, ఒకదాని కింద ఒకటి, ‘అలారం మోగినది, అలారం మోగినది’ అని పేర్చి ఉంది. పెద్దాయన చూస్తే ఎంతో శుభ్రంగా ఉందనేవాడు.

అక్క గుమ్మంలో నిలబడి అది చదివింది.

“మోగిందని ఉందిక్కడ. మీలో ఎవరైనా విన్నారా?” అని అడిగింది.

బావ పైకప్పువైపు చూశాడు. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. కోపం వస్తే ఎదురుగా ఉన్నవాళ్ళమీద పడటం నాకు బాగా చేతనవును. “నిన్నెవరు మార్చమన్నారు బావా? నన్నొక్క మాట అడగొద్దా? తెలియని వాటిలో వేలు పెట్టడమెందుకు?” అని అరిచాను. బావ చిన్నబోయాడు. 

“ఆయన్నెందుకంటావు?” అంది అక్క. “మోగకుండా మోగానని రాసిందెవరు?”

“నేనే. కానీ పెద్దాయన అలా రాయమన్నాడక్కా.”

“ఆయనకి నా గుడ్ల సంగతి తెలుసా?”

“తెలియదు.”

“నీకు తెలుసుగా,” అంది అక్క.

 తిట్టి ఉంటే బాగుండేది. నేను ఎదురు తిట్టి, ఏడ్చి, రెండు రోజులు మాట్లాడటం మానేసి ఎలాగో గట్టెక్కేదాన్ని. అక్క ట్రేలన్నీ బయట గోడ పక్కన పేర్చి, చేతులు కడుక్కుని, ఫారమావిడకి ఫోన్ చేసింది. నేను పక్కనే ఉన్నాను. సాంకేతిక లోపం అనో, అనివార్య కారణాలనో ఏదో ఒకటి చెబుతుందనుకున్నాను. మా ఆఫీసులో మేమైతే అలాంటి మాటలు తయారుగా పెట్టుకుంటాం.

“పిల్లలు లేవు మేడం,” అంది అక్క. “పాడైపోయాయి. ఫ్యాను ఆగింది, మా అలారం మోగలేదు. మేం చూసుకోలేదు.”

 అవతలావిడ, ఇంకో విడత పెట్టుకోండి, పెట్టే ముందు నేనే వస్తాను, ఆ అలారం నా కళ్ళముందు మోగాలి, మోగకపోతే మీ దారి మీది నా దారి నాది అంది. అక్క సరేనని ఫోన్ పెట్టేసి, మెట్లమీద కూర్చుని, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. అక్క ఏడవడం నేను అంతకుముందెన్నడూ చూడలేదు. మీద చెయ్యి వేయడానికి నాకు మొహం చెల్లలేదు.

ఆఫీసుకి సెలవు పెట్టాను. వచ్చేవారం చూస్తానన్న పనిని అప్పుడు చూశాను. చిత్రమేమిటంటే అది పెద్ద పని కాదు. కామా మీద తగలేసిన సమయంలో సగం కూడా పట్టలేదు. బావ ఎవరి దగ్గరో పాత లారీ హారన్ సంపాదించి షెడ్డు గోడకి బిగించాడు. పాపం, నాతో మాట్లాడేటప్పుడు ఇంకా నేలచూపులే చూస్తున్నాడు. క్షమించు బావా అన్నాను. “పోనీలే, నాకూ ఆ కుయ్యి పోవాలనే ఉండేది,” అన్నాడు. హారన్‌కి ఒక తీగ, హారన్‌లోకి కరెంటు నిజంగా వెళ్ళిందో లేదో తిరిగి చెప్పడానికి ఇంకో తీగ వేశాం. స్టబ్బులన్నీ చెరిపేసి, వాటి స్థానంలో పని చేసే ఫంక్షన్లు రాశాను. హారన్ మోగితేనే ‘మోగాను’ అంటాయి. లేకపోతే ‘మోగలేదు’ అంటాయి. హారనే లేకపోతే ‘లేను’ అంటాయి.

జరిగింది జరిగినట్టు, ఈసారి గుడ్లతో సహా రాసి, పెద్దాయనకీ పంపాను. ‘ఇంతకుముందు ఏ కార్డూ లేకపోయినా ప్రోగ్రాం నడిచేది, మీ మార్పు తరవాత నడవడం లేదు, ఇది వెనకడుగు,’ అని మొదటి జవాబు. నడవకూడదండీ, అలారం లేని చోట అది నడవకూడదు అని తిరిగి రాశాను.  రెండు రోజులకి ఇంకో ఈమెయిలొచ్చింది. ‘గుడ్ల విషయం బాధాకరం. దయచేసి ఈ మార్పును రెండు ముక్కలుగా విడదీసి పంపండి.’ పరామర్శ ఇంత శుభ్రంగా రాయగలిగినవాణ్ణి నేను ఇంకొకణ్ణి చూడలేదు.

ఫారమావిడ వచ్చిన రోజున షెడ్డు కడిగి తుడిచి ఉంది. కొత్త గుడ్లు ట్రేలలో ఉన్నాయి, ఇంకా లోపల పెట్టలేదు. ఆవిడ పొట్టిగా, గట్టిగా, నవ్వు ఖర్చు చేయని మనిషి. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

“ఏదీ, మోగుతుందా?” అని నన్నే అడిగింది.

మోగుతుందండీ అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. అక్క నావైపే చూస్తోంది. “రాత్రి మోగింది. ఇప్పుడు మోగుతుందో లేదో తెలియదు. చూద్దామండీ,” అన్నాను.

అక్క తల ఆరబెట్టుకునే మిషన్ తెచ్చి, వేడి కొలిచే తీగమీదికి వేడి గాలి పట్టింది. తెరమీద అంకెలు పెరిగాయి. హద్దు దాటాయి. ప్రోగ్రాం ‘మోగు’ అంది.

షెడ్డులో చప్పుడు లేదు.  అక్క మిషన్‌ని తీగకి ఇంకా దగ్గరగా జరిపింది. ఫారమావిడ చేతిసంచీ భుజానికి తగిలించుకుంది. అప్పుడు తెరమీద ఎర్రక్షరాలు పడ్డాయి. ‘మోగలేదు. హారన్‌కి కరెంటు అందలేదు.’

బావ ఒక్క గెంతులో గోడ దగ్గరకెళ్ళాడు. నేల కడిగేటప్పుడు తడుస్తుందని పీకిన ప్లగ్గు మళ్ళీ పెట్టలేదు. ‘అయ్యో నా మతి!’ అంటూ పెట్టాడు. ఆవిడ సంచీ దించకుండానే తెర దగ్గరకొచ్చి ఆ వరస చదివింది. మళ్ళీ చదివింది.

“సరే, ఇంకోసారి,” అంది.

అక్క వేడి గాలి పట్టింది. అంకెలు పెరిగాయి. ఒక్కసారిగా హారన్ అందుకుంది. రేకులు అదిరాయి, కిటికీ అద్దాలు గలగలలాడాయి, ఫారమావిడ రెండు చేతులతో చెవులు మూసుకుంది. “చాల్లే, వినబడింది, గుడ్లు పెట్టుకోండి! ఆ పిల్లలు నాకే!” అని హారన్‌ని మించి అరిచి బయటికి నడిచింది. బావ కూడా చెవులు మూసుకుని ఆవిడ వెనకే వెళ్ళాడు. అక్క మాత్రం హారన్ కిందే నిలబడింది. కళ్ళల్లోంచి నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోవడం లేదు.

“ఆపమంటావా అక్కా?” అని ఆమె చెవిలో అరిచాను.

అక్క తలూపింది, వద్దని.

“ఇంకాసేపు మోగనీ,” అంది.